పునీత జాన్ మరియ వియాన్నీ: కుటుంబాల గోడు విన్న ఆర్స్ విచారణ గురువు



ఈ వారం మన ఛానల్‌లో పెట్టిన వీడియో పునీత జాన్ మరియ వియాన్నీ గారి గురించి. వీడియోలో అన్నీ చెప్పడానికి టైమ్ సరిపోదు కదా, అందుకే మిగిలిన సంగతులు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను వేదశాస్త్రం చదివినవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మామూలు విచారణ సభ్యుణ్ణి. కాబట్టి పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, ఆయన జీవితం ఎలా గడిచిందో, అందులో ఇప్పటి మన కుటుంబాలకు పనికొచ్చేది ఏముందో మాత్రం చెబుతాను.

ప్రతి ఏడాదీ ఆగస్టు 4న మన విచారణల్లో ఫాదర్ గారికి పూలదండ వేసి, కేక్ కోయించి, శుభాకాంక్షలు చెబుతాం. విచారణ గురువుల పండుగ అంటాం. ఆ రోజే ఎందుకు అంటే, అది వియాన్నీ గారు మరణించిన రోజు. అయితే ఆయనను ప్రపంచం గుర్తు పెట్టుకున్నది గొప్ప ప్రసంగాల వల్ల కాదు, పెద్ద గుడులు కట్టినందుకూ కాదు. ఒక చిన్న పల్లెటూళ్లో కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి చెప్పేది విన్నారు. భార్యాభర్తల తగాదాలు, పిల్లల మీద బెంగ, తాగుడు, అప్పులు, చనిపోయినవాళ్ల గురించిన దుఃఖం, ఎవరికీ చెప్పుకోలేని పాపం, ఇవన్నీ విన్నారు. ఇప్పుడు మనం ఫ్యామిలీ కౌన్సెలింగ్ అంటున్నామే, ఆ మాట పుట్టకముందే ఆ పనిలో 41 సంవత్సరాలు గడిపిన మనిషి ఆయన.

రహస్యంగా మొదలైన విశ్వాసం

జాన్ మరియ 1786 మే 8న ఫ్రాన్సు దేశంలో, లియోన్ నగరం దగ్గర ఉన్న దార్దిలీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి మత్తయి, తల్లి మరియ. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో డబ్బు అంతంతమాత్రమే గానీ, దారిన పోయే పేదవాళ్లకు ఆ ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. రాత్రి పూట బిచ్చగాళ్లకు అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి పంపేవారు. తర్వాతి కాలంలో పునీతుడైన బెనెడిక్ట్ జోసెఫ్ లాబ్రె అనే బిచ్చగాడు కూడా, మన జాన్ పుట్టక ముందు, వాళ్ల తాతగారి ఇంట్లో ఒక రాత్రి తలదాచుకున్నాడని ఆ కుటుంబం చెప్పుకునేది.

జాన్ మరియకు మూడేళ్లు వచ్చేసరికి ఫ్రెంచి విప్లవం మొదలైంది. కొన్నేళ్లలోనే గుడులు మూతపడ్డాయి. ప్రభుత్వం కోరిన ప్రమాణం చేయని గురువులు ప్రాణాలు అరచేత పెట్టుకుని దాక్కోవలసి వచ్చింది. రాత్రిపూట పశువుల కొట్టాల్లో, ఎవరో ఒకరి ఇంట్లో దొంగచాటుగా దివ్య బలిపూజ జరిగేది. ఈ అబ్బాయి అమ్మానాన్నల వేలు పట్టుకుని చీకట్లో నడిచి పూజకు వెళ్లేవాడు. 11 ఏళ్ల వయసులో మొదటి పాపసంకీర్తనం చేసింది గుడిలో కాదు, సొంత ఇంట్లోనే, గోడ గడియారం కింద. 1799లో మొదటి దివ్యసత్ప్రసాదం కూడా అంతే. పక్క ఊరు ఎకుల్లీలో ఒక ఇంట్లో, కిటికీలు మూసి, బయటివాళ్లకు లోపలి దీపాలు కనపడకుండా కిటికీల ముందు ఎండుగడ్డి బండ్లు నిలబెట్టి జరిపించారు.

ఒక పిల్లవాడి మనసులో ఇది ఎంత లోతుగా నాటుకుని ఉంటుందో ఆలోచించండి. గురువు అంటే ప్రాణం పణంగా పెట్టి మన ఇంటికి వచ్చేవాడు అని ఆ పిల్లవాడికి చిన్నప్పుడే తెలిసింది. తర్వాత ఆయన ఎందుకంతగా ప్రజల కోసం కరిగిపోయారో ఇక్కడే అర్థమవుతుంది.

చదువులో వెనకబడిన విద్యార్థి

గురువు కావాలనే కోరిక ఉంది కానీ చదువు లేదు. విప్లవం రోజుల్లో బడులు సరిగా నడవలేదు, పొలం పనులు మాత్రం తప్పలేదు. చివరికి దాదాపు 20 ఏళ్ల వయసులో ఎకుల్లీ విచారణ గురువు ఫాదర్ బల్లే దగ్గర చేరాడు. తనకంటే చాలా చిన్న పిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకోవాలి. బుర్రకు ఎక్కేది కాదు. ఎంత కష్టపడినా పొద్దున చదివింది సాయంత్రానికి మర్చిపోయేవాడు. నిరాశతో ఇంటికి వెళ్లిపోదామనుకుని, చివరికి పునీత ఫ్రాన్సిస్ రేజిస్ సమాధి ఉన్న లా లువెస్క్ అనే పుణ్యక్షేత్రానికి బిచ్చమెత్తుకుంటూ కాలినడకన వెళ్లి ప్రార్థించాడు. ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగ్స్ మిగిలిపోయి, ఇంట్లో ముఖం చూపించలేక తిరిగే కుర్రాళ్లను మనందరం చూశాం. వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ పునీతుడు మీవాడే అని గుర్తుంచుకోండి.

అది చాలదన్నట్టు 1809లో సైన్యానికి పిలుపు వచ్చింది. నెపోలియన్ స్పెయిన్‌లో యుద్ధం చేస్తున్న రోజులు. గురువిద్యార్థులకు మినహాయింపు ఉండేది గానీ, ఈయన పేరు ఆ జాబితాలో లేకుండా పోయింది. వెళ్లగానే జబ్బుపడి లియోన్‌లో, తర్వాత రొవాన్‌లో ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకుని బయటికి వచ్చి, గుడిలో ప్రార్థన చేసుకుంటూ ఉండిపోయేసరికి తన దళం కదిలి వెళ్లిపోయింది. దారిలో కలిసిన ఒక యువకుడు లె నోయె అనే కొండ ఊరికి తీసుకుపోయాడు. తీరా చూస్తే అది సైన్యం తప్పించుకున్నవాళ్లు దాక్కునే చోటు. అక్కడ 14 నెలలు మారుపేరుతో గడిపాడు. క్లోదీన్ ఫయో అనే నలుగురు పిల్లల తల్లి, భర్త పోయిన ఆవిడ, ఆయనకు ఆశ్రయమిచ్చింది. ఊళ్లో పిల్లలకు చదువు చెప్పి ఆ ఋణం తీర్చుకున్నాడు. ఒకసారి సైనికులు వెతుకుతూ వస్తే ఎండుగడ్డిలో దూరాడు. గడ్డిని పొడుస్తూ పోయిన కత్తి మొన ఒంటికి తగిలినా కిక్కురుమనలేదట.

1810లో నెపోలియన్ పెళ్లి సందర్భంగా క్షమాభిక్ష ప్రకటించారు. తమ్ముడు ఆయన బదులు సైన్యానికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. అలా ఇంటికి చేరాడు. చేరిన కొద్ది వారాలకే తల్లి మరణించింది. విశ్వాసం అనేది అమ్మ దగ్గరే నేర్చుకున్నానని ఆయన జీవితాంతం తలుచుకునేవారు.

ఆ తర్వాత గురువిద్యాలయం. పాఠాలన్నీ లాటిన్‌లో. కొన్ని నెలలకే పంపించేశారు. ఫాదర్ బల్లే మాత్రం వదల్లేదు. తన దగ్గరే పెట్టుకుని మాతృభాషలో చదివించి, పై అధికారులతో మాట్లాడారు. చివరికి వికర్ జనరల్ గారు అడిగింది ఒక్కటే, ఈ అబ్బాయికి భక్తి ఉందా అని. ఉందన్నారు. మిగతాది దేవుని కృప చూసుకుంటుందిలే అని ఒప్పుకున్నారు. 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో గురుపట్టాభిషేకం జరిగింది. వయసు 29 ఏళ్లు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. పట్టాభిషేకమైతే ఇచ్చారు గానీ, పాపసంకీర్తనం వినే అనుమతి మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఈయన చదువు చాలదు, జనాలకు ఏం సలహా చెబుతాడు అనే అనుమానం. కొన్ని నెలల తర్వాత ఆ అనుమతి వచ్చినప్పుడు, ఆయన ముందు మొట్టమొదట మోకరించింది గురువైన ఫాదర్ బల్లే గారే. చెయ్యి పట్టుకుని నడిపించిన పెద్దాయన, శిష్యుడి దగ్గర తన పాపాలు చెప్పుకున్నారు. 1817 చివర్లో ఆయన చనిపోయేవరకు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఆర్స్‌కు ప్రయాణం

1818 ఫిబ్రవరిలో ఆర్స్ అనే పల్లెకు పంపారు. దాదాపు 230 మంది ఉండే ఊరు. అక్కడ దేవుని మీద ప్రేమ పెద్దగా లేదు, నువ్వే నాటుకోవాలి అన్నట్టుగా చెప్పి పంపించారు. మంచు పొగలో దారి తప్పితే, గొర్రెలు కాసుకునే ఒక కుర్రాడు దారి చూపించాడు. నువ్వు నాకు ఆర్స్ దారి చూపావు, నేను నీకు పరలోకం దారి చూపిస్తాను అనే అర్థం వచ్చేలా ఆ పిల్లవాడితో చెప్పారని అందరికీ తెలిసిన కథ. ఇప్పటికీ ఆ చోట ఇద్దరి విగ్రహాలున్నాయి.

ఊళ్లో జనం మరీ చెడ్డవాళ్లేం కాదు. పట్టించుకోనివాళ్లు, అంతే. ఆదివారం కూడా పొలం పని, సాయంత్రమైతే సారాయి కొట్టు, పండగొస్తే రాత్రంతా చిందులు. గుడి మాత్రం ఖాళీ. కొత్త గురువు గారు వచ్చి చేసిన మొదటి పని ఏమిటంటే, తెల్లవారుజామున 4 గంటలకే గుడికి వెళ్లి మందసం ముందు మోకరించడం. జనం పొలానికి వెళ్లేటప్పుడు చూస్తే ఆయన అక్కడే, తిరిగొచ్చేటప్పుడు చూసినా అక్కడే.

రెండో పని ఇళ్లకు వెళ్లడం. ఎప్పుడు పడితే అప్పుడు కాదు, మధ్యాహ్నం కుటుంబమంతా భోజనానికి ఇంట్లో ఉండే వేళ చూసుకుని వెళ్లేవారు. మొదట మతం సంగతి ఎత్తేవారు కాదు. పంట ఎలా ఉంది, ఆవు ఈనిందా, పెద్దబ్బాయి ఏం చేస్తున్నాడు, అమ్మమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, ఇవే మాటలు. రైతు బిడ్డ కాబట్టి రైతు భాష తెలుసు. అలా ప్రతి ఇంటి సంగతీ, ప్రతి మనిషి పేరూ తెలుసుకున్నారు. కౌన్సెలింగ్ అంటే ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాకే మొదలవుతుందని మనం అనుకుంటాం. ఆర్స్‌లో అది వంటింటి గుమ్మం దగ్గర మొదలైంది. ముందు తెలిసిన మనిషి అయితేనే కదా, తర్వాత మనసు విప్పి చెప్పుకునేది.

సారాయి కొట్ల మీద మాత్రం గట్టిగా పోరాడారు. ఆ కొట్లో ఖర్చయ్యే ప్రతి పైసా భార్యాబిడ్డల నోటి దగ్గర కూడు అని ఆయన వాదన. గుడి దగ్గరి కొట్లు మూతపడ్డాయి, తర్వాత మిగతావీ పోయాయి. దానికి సంవత్సరాలు పట్టింది.

ఆయన తిండి చూస్తే మనకు భయమేస్తుంది. వారానికి సరిపడా బంగాళదుంపలు ఒకేసారి ఉడకబెట్టుకుని, చల్లారినవే రోజుకు ఒకటి రెండు తినేవారు. పరుపు పేదవాళ్లకు ఇచ్చేశారు. కోట నుంచి వచ్చిన మంచి సామాను తిప్పి పంపేశారు. ఇది మనం అనుకరించాల్సిన పద్ధతి అని నేను చెప్పడం లేదు. ఆయన కూడా పెద్దయ్యాక, యవ్వనంలో ఒంటిని మరీ కష్టపెట్టానని ఒప్పుకున్నారు.

1824లో పేద ఆడపిల్లల కోసం ఉచిత బడి తెరిచారు. దానికి దైవ సంరక్షణ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నడిపింది ఊరి అమ్మాయిలే, కేథరిన్ లస్సాన్, బెనువాత్ లార్దే. కొద్ది కాలానికే అది దిక్కులేని పిల్లల ఇల్లయింది. ఒకసారి ధాన్యం అయిపోయి పిల్లల్ని పంపేయాల్సిన పరిస్థితి వస్తే, ప్రార్థన తర్వాత అటక నిండా ధాన్యం కనిపించిందని అక్కడివాళ్లు సాక్ష్యం చెప్పారు. ఆయనకు ఆ పిల్లలంటే ప్రాణం. వాళ్లకు చెప్పే సత్యోపదేశం వినడానికే తర్వాత బయటివాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

నిందలు

మంచి పని చేస్తే అందరూ మెచ్చుకుంటారనుకుంటే పొరపాటే. ఆయన మీద అసహ్యమైన పుకార్లు పుట్టించారు. ఊళ్లో ఒక పెళ్లికాని అమ్మాయికి బిడ్డ పుడితే ఆ నింద ఈయన మీద వేశారు. ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవి. తోటి గురువులు కూడా, చదువురాని ఈయన జనానికి సలహాలివ్వడం ఏమిటని పీఠాధిపతికి ఫిర్యాదు రాశారు. ఆ కాగితం చేతులు మారుతూ పొరపాటున ఈయన దగ్గరికే వచ్చింది. చదివి, అందులో ఉన్నది నిజమేనని, కింద తానూ సంతకం చేసి పంపించారు. తర్వాత పీఠాధిపతి గారు కష్టమైన కొన్ని సందర్భాలు పంపించి ఆయన అభిప్రాయం అడిగి, జవాబులు చూసి తృప్తి పడ్డారు.

1845లో సహాయకుడిగా వచ్చిన గురువు ఒకాయన కూడా 8 ఏళ్లపాటు ఈయన్ను నలుగురిలో చులకన చేసేవాడు. ఊరివాళ్లకు కోపం వచ్చినా, వియాన్నీ గారు మాత్రం ఆయన్ను వెనకేసుకొచ్చేవారు. నిందపడ్డ మనిషి బాధ, ఇంట్లోనే ఎవరో పొడుస్తుంటే కలిగే బాధ ఆయనకు పుస్తకాల ద్వారా తెలిసినవి కావు. అనుభవించారు. అందుకే ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు, ఈయనకు మన బాధ తెలుసు అనుకునేవారు.

రోజుకు 16 గంటలు

మొదట చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చారు. తర్వాత లియోన్ నుంచి, ఆ తర్వాత ఫ్రాన్సు అంతటి నుంచీ, పక్క దేశాల నుంచీ వచ్చారు. 1855 నాటికి ఏడాదికి 20,000 మంది వస్తున్నారని లెక్క. లియోన్ రైల్వే స్టేషన్‌లో ఆర్స్ వెళ్లేవాళ్ల కోసం ప్రత్యేకంగా టికెట్ కౌంటర్ పెట్టారు. రానూ పోనూ టికెట్ 8 రోజులు చెల్లేది. ఎందుకంటే క్యూలో వంతు రావడానికే రోజులు పట్టేది.

ఆయన దినచర్య ఇలా ఉండేది. అర్ధరాత్రి ఒంటిగంట ప్రాంతంలో లేచి గుడికి వచ్చేవారు. ముందు ఆడవాళ్ల పాపసంకీర్తనాలు. ఉదయం పూజ. తర్వాత మగవాళ్లవి. 11 గంటలకు సత్యోపదేశం. నిలబడే రెండు ముద్దలు తిని, రోగుల్ని చూడడానికి వెళ్లి, మళ్లీ చీకటి పడేదాకా పాపసంకీర్తన పీఠంలోనే. చలికాలంలో 11, 12 గంటలు, వేసవిలో 16 గంటల పైన. మాలాంటివాళ్లకు ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఒక్క వారం రాత్రి షిఫ్ట్ పడితేనే మనుషుల మీద విసుగొస్తుంది. ఆయన 30 ఏళ్లు అలా గడిపారు.

ఆయన సలహాలు చాలా పొట్టిగా ఉండేవి. వెనక అంత క్యూ ఉంటే పొడుగ్గా మాట్లాడే వీలే లేదు. వినడం ఎక్కువ, చెప్పడం తక్కువ. చాలామంది వెళ్లాక చెప్పుకున్నది ఏమిటంటే, ఆయన మాటల కంటే, మా పాపం విని ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం మమ్మల్ని మార్చింది అని. చిన్న ప్రాయశ్చిత్తం విధించి, మిగిలినది వాళ్ల తరఫున తానే చేసేవారు. చెప్పకుండానే మనసులోది తెలుసుకునే వరం ఆయనకు ఉండేదని ఎందరో సాక్ష్యమిచ్చారు. క్యూలో ఎక్కడో వెనక నిలబడ్డ జబ్బు మనిషినో, పిల్లల్ని వదిలి వచ్చిన తల్లినో వెతికి ముందుకు పిలిచేవారు.

వచ్చిన ప్రతివాళ్లనూ మఠానికి పంపేయలేదు. కొందరికి ఆ పిలుపు ఉందని ధైర్యం చెప్పారు, మరికొందరిని ఇంటికే తిరిగి పంపారు. మీ ఇల్లే మీ పుణ్యక్షేత్రం, మీ బాధ్యతే మీ ప్రార్థన అన్న ధోరణిలో సలహా ఉండేది. కుటుంబాలకు ఆయన నొక్కి చెప్పినవి మామూలు సంగతులే. పొద్దున, రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి జపం. ఆదివారం పని మానడం. తరచుగా పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం. పిల్లలకు మాటలతో కాకుండా నడవడితో నేర్పడం.

ఒకసారి ఒక వేటగాడు స్నేహితుడితో కలిసి తమాషా చూద్దామని వచ్చాడు. నమ్మకం ఏమీ లేదు. తుపాకీ, పక్కన అందమైన వేటకుక్క. గురువు గారు జనం మధ్య నుంచి వస్తూ ఆగి, కుక్కను చూసి మెచ్చుకుని, నీ ఆత్మ కూడా ఇంత అందంగా ఉంటే ఎంత బాగుండు అన్నట్టుగా అన్నారట. అంతే. ఆ మనిషి తల దించుకున్నాడు, పాపసంకీర్తనం చేశాడు, తర్వాత సన్యాసి అయ్యాడు. వాదించి గెలిస్తే మనిషి పారిపోయేవాడు. నవ్వుతూ అన్న ఒక్క మాట లోపలికి దిగింది.

వంతెనకూ నీటికీ మధ్య

ఈ జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించే సంఘటన ఇది. ఒక స్త్రీ భర్త వంతెన మీద నుంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజుల్లో అలా చనిపోయినవాళ్ల గురించి ఆశ పెట్టుకోవడానికి కూడా జనం భయపడేవారు. భర్త నరకానికి పోయాడేమోనన్న తలపుతో ఆమె కుమిలిపోతూ ఆర్స్ వచ్చింది. ఆయన్ను కలిసి మాట్లాడే అవకాశం దొరకలేదు. జనంలో ఒకరుగా నిలబడి ఉంది. వియాన్నీ గారు నడుస్తూ నడుస్తూ ఆమె దగ్గర ఆగి, ఆమె ఏమీ చెప్పకముందే, అతను రక్షణ పొందాడని నెమ్మదిగా చెప్పారు. ఆమె నమ్మలేక తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ చెప్పారు. వంతెన గోడకూ నీటికీ మధ్య ఉన్న ఆ కొద్ది క్షణంలో అతనికి మనస్తాప పడడానికి సమయం దొరికిందనీ, ఉత్తరించు స్థలంలో ఉన్నాడనీ, అతని కోసం ప్రార్థించమనీ అన్నారు. మే నెలలో ఇంట్లో ఆమె మరియమాత ముందు జపం చేసుకుంటుంటే, దేవుడి ధ్యాస లేని ఆ భర్త కూడా అప్పుడప్పుడు కలిసేవాడట. ఆ చిన్న సంగతి కూడా గుర్తు చేశారు.

ఆయనకు ఆ విషయం ఎలా తెలిసిందో నేను వివరించలేను. అది దేవుడిచ్చిన వరం అని తిరుసభ నమ్ముతుంది. కానీ ఆమెకు అందినదేమిటో మనకు అర్థమవుతుంది. తీర్పు చెప్పే అధికారం మనది కాదు అన్న ధైర్యం అందింది. ఏడుస్తూ కూర్చోవడం కాకుండా చేయడానికి ఒక పని, ప్రార్థన, అందింది. ఈనాటి సత్యోపదేశ గ్రంథం కూడా, ఇలా ప్రాణం తీసుకున్నవారి రక్షణ విషయంలో నిరాశ పడకూడదనీ, వాళ్ల కోసం తిరుసభ ప్రార్థిస్తుందనీ బోధిస్తుంది. మన ఊళ్లలో ఇలాంటి కుటుంబాలను వేలెత్తి చూపకుండా, వెళ్లి పక్కన కూర్చోవడం మన పని.

కఠినత్వం నుంచి కనికరానికి

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మొదటి రోజుల్లో వియాన్నీ గారు చాలా కఠినంగా ఉండేవారు. ఆ కాలం ఫ్రాన్సులో గురువులకు నేర్పిన పద్ధతే అది. మనిషి పూర్తిగా మారాడని గట్టిగా తెలిసేదాకా పాపవిమోచనం ఇచ్చేవారు కాదు. నాట్యాల విషయంలో కొందరిని ఏళ్ల తరబడి ఆపేశారు. అయితే వేలమంది బాధలు వింటున్న కొద్దీ, పునీత అల్ఫోన్స్ లిగోరి గారి బోధ పరిచయమైన కొద్దీ, ఆయన మెత్తబడ్డారు. దేవుని ప్రేమ గురించి ఎక్కువగా, శిక్ష గురించి తక్కువగా మాట్లాడారు. సలహా చెప్పేవాడు కూడా నేర్చుకుంటూ ఉండాలి అన్నదానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

పారిపోవాలనుకున్న గురువు

అందరినీ ఓదార్చే మనిషికి తన లోపల మాత్రం ఎప్పుడూ ఒక భయం. ఇంత పెద్ద బాధ్యతకు నేను తగను, ఎక్కడైనా మూల కూర్చుని నా పాపాల కోసం ఏడవాలి అనే ఆరాటం. 1843లో పెద్ద జబ్బు చేసి బతికి బయటపడ్డాక, ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా దార్దిలీలో అన్నగారింటికి నడిచి వెళ్లిపోయారు. జనం అక్కడికీ వెతుక్కుంటూ వచ్చారు. కొద్ది రోజులకు తిరిగొస్తే ఊరంతా గంటలు మోగించి పండగ చేసుకుంది. 1853లో మళ్లీ ప్రయత్నించారు. ఈసారి సంగతి ముందే బయటికి పొక్కి, గుడి గంట మోగి, జనం దారికి అడ్డం నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి, నేరుగా పాపసంకీర్తన పీఠంలోకి వెళ్లి కూర్చున్నారు.

పునీతులు అలసిపోరు అనుకుంటాం. ఆయన అలసిపోయారు, భయపడ్డారు, పారిపోదామనుకున్నారు. అయినా ఆయన పవిత్రత తగ్గలేదు. మన విచారణ గురువులు, మఠకన్యలు, ఇంట్లో అందరి భారమూ మోసే అమ్మలు కూడా అలసిపోతారని దీన్ని చూసైనా గుర్తిద్దాం.

గౌరవాలు ఆయనకు అంటలేదు. పీఠాధిపతి గౌరవ సూచకంగా వేసిన వస్త్రాన్ని 50 ఫ్రాంకులకు అమ్మి పేదల ఖర్చుకు వాడారు. 1855లో చక్రవర్తి పతకం ప్రకటిస్తే, దానితో పేదలకు డబ్బేమైనా వస్తుందా అని విచారించి, రాదని తెలిసి ఆసక్తి వదిలేశారు.

చివరి రోజులు

1859 జులై. భరించలేని ఎండలు. గుడిలో ఊపిరాడక మనుషులు బయటికి వస్తున్నా ఆయన లోపలే ఉన్నారు. జులై చివర్లో ఒక రాత్రి ఇంటికి చేరేసరికి ఇక లేవలేకపోయారు. మంచం పక్కన కూడా కొందరు మోకరించి పాపసంకీర్తనం చేశారు. ఆగస్టు 4 తెల్లవారుజామున 2 గంటలకు ప్రశాంతంగా కన్నుమూశారు. వయసు 73 ఏళ్లు.

1905లో ధన్యుడుగా, 1925 మే 31న 11వ పయస్ పోప్ గారు పునీతుడుగా ప్రకటించారు. 1929లో లోకంలోని విచారణ గురువులందరికీ పాలక పునీతుడయ్యారు. ఆయన 150వ వర్ధంతి సందర్భంగా 2009 జూన్ నుంచి 2010 జూన్ వరకు తిరుసభ గురువుల సంవత్సరం జరుపుకుంది. ఆయన దేహం ఇప్పటికీ ఆర్స్ బసిలికాలో భక్తుల దర్శనార్థం ఉంది.

మన ఇంటికి ఏం తెచ్చుకుందాం?

మన ఇళ్లలో సమస్య వస్తే మొదట నలుగురికీ తెలిసిపోతుందేమో అని భయపడతాం. పెద్దమనుషుల పంచాయితీ దాకా పోయాక, లాయరు నోటీసు వచ్చాక ఫాదర్ గారు గుర్తొస్తారు. కొంచెం ముందే వెళ్దాం. పాపసంకీర్తనంలో చెప్పినది గురువు ఎవరికీ, ఏ పరిస్థితిలోనూ చెప్పకూడదని తిరుసభ చట్టం. పాపం కాని కుటుంబ సమస్య అయితే, పూజ అయ్యాక గుమ్మం దగ్గర హడావుడిగా కాకుండా, టైమ్ అడిగి, భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఒకరు రానంటే ఒక్కరైనా వెళ్లండి.

ఇంకో మాట. నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం, మందు మానలేకపోవడం, ఇంట్లో దెబ్బలు, ఇలాంటివి ఉంటే ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరికీ వెళ్లాలి. దెబ్బలు తినేవాళ్లను సర్దుకుపొమ్మనడం సలహా కాదు, ముందు వాళ్లు క్షేమంగా ఉండాలి. మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

మనలో ఎక్కువమంది గురువులం కాదు. కానీ వినడం మాత్రం అందరికీ వచ్చు. భోజనాల వేళ ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని పంట ఎలా ఉంది, పరీక్ష ఎలా రాశావు అని అడగడం దగ్గరే ఆర్స్‌లో అంతా మొదలైంది. ఈ వారం మీ ఇంట్లో ఒక్కరిని అలా అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డం రాకుండా వినండి.

ప్రార్థిద్దాం. ప్రభువా, పేద రైతు బిడ్డను పిలిచి వేలమందికి ఓదార్పుగా చేశావు. మా విచారణ గురువులకు ఓపికనూ, ఆరోగ్యాన్నీ ఇవ్వు. విడిపోయే అంచున ఉన్న కుటుంబాలను నీ చేతుల్లోకి తీసుకో. చెప్పుకోవడానికి ఎవరూ లేనివారికి వినే మనిషిని పంపు. నిరాశలో ప్రాణం విడిచినవారిని నీ కనికరంలో చేర్చుకో. ఆమెన్.

పునీత జాన్ మరియ వియాన్నీ గారా, మా కొరకు ప్రార్థించండి.

వీడియో చూడనివాళ్లు తప్పకుండా చూసి, మీ ఇంట్లోవాళ్లతో కూడా పంచుకోండి. వచ్చే వారం ఇంకో పునీతుల జీవితంతో కలుద్దాం. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.